విద్యార్థి ఫిర్యాదు – జిల్లా యంత్రాంగం: గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

బడిలో హింసకో లైంగిక వేధింపుకో గురైన విద్యార్థి తన బాధ చెప్పుకొన్నప్పుడు దానిని వినవలసింది ఎవరు? విన్నవారు దానిని ఎక్కడికి చేర్చాలి? ఈ రెండు ప్రశ్నలకు గత రెండు వందల ఏళ్లలో తెలుగునేలపై వచ్చిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం ప్రాంతాలను భౌగోళిక పరిధిగా స్వీకరించింది. బెత్తం గురువు అధికారంగా చెల్లిన దశ, ఫిర్యాదు శాఖాపరమైన క్రమశిక్షణ వ్యవహారంగా మిగిలిన దశ, 2012 తరువాత అది బడి గోడ దాటి పోలీసులకు, బాలల సంక్షేమ కమిటీకి చేరవలసిన సమాచారంగా మారిన దశ అని ఈ చరిత్రను మూడుగా విభజించవచ్చు. జిల్లా స్థాయిలో ఫిర్యాదులపై స్పందించే బృందానికి నాయకత్వం వహించడమంటే విచారణాధికారాన్ని చేతిలోకి తీసుకోవడం కాదని, విన్న మాట ఎక్కడా ఆగకుండా చూడడమేనని ఈ పరిశీలన ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: విద్యార్థి ఫిర్యాదు, శారీరక దండన, పోక్సో చట్టం, బాలల సంక్షేమ కమిటీ, మార్కాపురం పలకలు, మిరప కోతల వలస, కీచక వృత్తాంతం.

1. ఉపోద్ఘాతం

ఉపాధ్యాయుడిపై లైంగిక వేధింపు ఆరోపణ వచ్చిన ప్రతిసారీ తెలుగు పత్రికల్లో కనిపించే శీర్షిక ‘కీచక గురువు’. ఈ పదబంధం ఎంతగా స్థిరపడిందంటే, కీచకుడి కథలో తక్కిన పాత్రలు ఎవరు, వారేమి చేశారు అనే ఆలోచన పాఠకుడికి రాదు. విరాటపర్వంలో సైరంధ్రి పడిన అవమానానికి కీచకుడొక్కడే కారణం కాదు. కల్లు తెమ్మనే నెపంతో ఆమెను అతని ఇంటికి పంపినది రాణి సుదేష్ణ. సైరంధ్రి పరుగెత్తుకొచ్చి నిండుసభలో మొరపెట్టుకుంటే, సేనాపతిని ఏమీ అనలేక ఊరుకున్నవాడు విరాటుడు. తిక్కన తెనిగించిన ఈ ఘట్టాన్ని ఫిర్యాదు కథగా చదివితే, అందులో నేరస్థుడు ఒకడు, ఫిర్యాదును ఆపిన సంస్థ ఒకటి కనిపిస్తాయి. పత్రికా భాష మొదటివాడికి పేరు పెట్టింది. రెండవదానికి పేరు లేదు.

ఈ రెండవ అంశమే ప్రస్తుత వ్యాస విషయం. విద్యార్థుల మీద జరిగే హింస గురించి తెలుగులో వెలువడుతున్న రచనల్లో నేరస్వభావం, శిక్షల తీవ్రత, నైతిక పతనం ప్రధానంగా చర్చకు వస్తున్నాయి. ఫిర్యాదు ప్రయాణించే మార్గానికి కూడా ఒక చరిత్ర ఉంది. ఆ మార్గం ఎక్కడ మొదలైంది, ఎవరి బల్ల మీద ఆగింది, ఏ చట్టం దానిని ముందుకు నెట్టింది అన్నవి తెలియకుండా నేటి జిల్లా యంత్రాంగపు బలాబలాలు అర్థం కావు. విద్యార్థి ఫిర్యాదు అనే మాటను ఈ వ్యాసం శారీరక దండన, మానసిక వేధింపు, లైంగిక దాడి అనే మూడింటికీ వర్తించేలా వాడుతుంది. చట్టం వీటిని వేరుచేసినా, పిల్లల నోట మొదటి మాటగా వచ్చేది ఎక్కువసార్లు ‘సారు కొడుతున్నాడు’, ‘బడికి వెళ్లను’ వంటి వాక్యమే కాబట్టి ఈ విస్తృతి అవసరం.

2. బెత్తం గురువు అధికారంగా ఉన్న కాలం

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ప్రెసిడెన్సీలోని దేశీయ విద్య స్థితిగతులపై కలెక్టర్ల నుంచి నివేదికలు కోరాడు. గుంటూరుతో సహా జిల్లాల కలెక్టర్లు వివరాలు పంపారు. వాటిలో తెలుగు, కన్నడ బడులను దగ్గరగా వర్ణించినది బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక. సోమరి విద్యార్థిని బెత్తంతో కొట్టడం, రెండు చేతులూ కట్టి కప్పీతో పైకప్పుకు వేలాడదీయడం, ఎడతెగకుండా మోకాళ్ల మీద కూర్చోబెట్టి లేపడం అనే శిక్షలను అతడు నమోదు చేశాడు. చివరి శిక్ష బాధాకరమైనదే అయినా ఆరోగ్యానికి మంచిదేమో అన్న ధోరణిలో వ్యాఖ్యానించాడు కూడా.

తెలుగు పాఠకుడికి ఈ శిక్షలు కొత్తవి కావు. వేలాడదీయడం కోదండం, కూర్చోబెట్టి లేపడం గుంజీళ్లు. గోడకుర్చీ, తొడపాశం, మెటికల మీద బెత్తం దెబ్బ వీటికి తోడు. శిక్షలకు ఇన్ని నిర్దిష్టమైన పేర్లున్న భాషలో, ఆ శిక్ష గురించి పిల్లవాడు చేసే ఫిర్యాదుకు మాత్రం గౌరవప్రదమైన పేరు లేదు. ‘చాడీ’, ‘పితూరీ’ అనే రెండు మాటలే ఉన్నాయి. రెండింటిలోనూ చెప్పినవాడిదే తప్పు అనే ధ్వని ఉంది. దండం దశగుణాలను ఇస్తుందనే లోకోక్తి, దెబ్బకు దెయ్యం సైతం వదులుతుందనే నానుడి ఈ వ్యవస్థకు నైతిక సమర్థనను అందించాయి. తల్లిదండ్రులే బిడ్డను పంతులుకు అప్పగిస్తూ ‘కళ్లు మాత్రం వదిలిపెట్టి మిగతాది మీ ఇష్టం’ అని చెప్పడం పల్లెల్లో నిన్నమొన్నటిదాకా వినిపించిన మాటే.

వలస పాలన ఈ అధికారానికి చట్టబద్ధతను కూడా కల్పించింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 88, 89 సెక్షన్లు సదుద్దేశంతో, సంరక్షకుల సమ్మతితో, పిల్లల మేలు కోసం చేసిన పనికి రక్షణ ఇచ్చాయి. మితమైన దండన విధించిన ఉపాధ్యాయుడిని ఈ సెక్షన్ల నీడన సమర్థించే న్యాయసంప్రదాయం ఏర్పడింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ నిబంధనలు 26, 27 సెక్షన్లుగా కొనసాగుతున్నాయి. 1920 నాటి మద్రాసు బాలల చట్టం దేశంలో బాలలకోసం ప్రత్యేకంగా వచ్చిన తొలి ప్రాంతీయ చట్టాల్లో ఒకటి. అయితే అది ప్రధానంగా నేరంలో చిక్కుకున్న, దిక్కులేని బాలలను ఉద్దేశించింది. బడిలో కూర్చున్న పిల్లవాడు ఆ చట్టం దృష్టిలో సురక్షితుడే.

3. శాఖాపరమైన ఫిర్యాదు: సాక్షిగా మిగిలిన విద్యార్థి

స్థానిక బోర్డుల బడులు, ఆ తరువాత పంచాయతీరాజ్ బడులు విస్తరించడంతో ఉపాధ్యాయుడు ప్రభుత్వోద్యోగి అయ్యాడు. ఫిర్యాదుకు ఒక కాగితపు దారి ఏర్పడింది. అది ప్రధానోపాధ్యాయుడి నుంచి మండల విద్యాశాఖాధికారికి, అక్కడి నుంచి జిల్లా విద్యాశాఖాధికారికి వెళ్లేది. విచారణాధికారిని నియమించడం, వివరణ కోరడం, సస్పెన్షన్, బదిలీ ఈ మార్గంలోని మెట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 1991 నాటి సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నిబంధనలు ఈ ప్రక్రియకు ఆధారం.

ఈ దారిలో ఒక మౌలిక లక్షణం ఉంది. శాఖాపరమైన విచారణలో పక్షాలు రెండే: ప్రభుత్వం, ఉద్యోగి. బాధపడిన విద్యార్థి మూడవ పక్షం కాదు, కేవలం సాక్షి. ఉద్యోగి ప్రవర్తన నియమాలను ఉల్లంఘించాడా లేదా అన్నదే అక్కడ తేలవలసిన విషయం. బిడ్డకు వైద్యం, ధైర్యం, చదువు కొనసాగింపు వంటివి ఆ దస్త్రంలో చోటుచేసుకోవు. బదిలీతో ఊళ్లో గొడవ సద్దుమణుగుతుంది. అదే సమయంలో మరో ఊరి పిల్లలకు ఆ ఉపాధ్యాయుడు కొత్తవాడిగా చేరతాడు. తల్లిదండ్రులు పేదలైనచోట, ఆరోపితుడు పలుకుబడి కలవాడైనచోట ఊరిపెద్దల రాజీ ఈ దారికి అడ్డదారిగా నిలిచింది. ఫిర్యాదు పైకి మాత్రమే ప్రయాణించి, ఎన్నడూ పక్కకు, అంటే మరో శాఖకు, ప్రయాణించకపోవడం ఈ దశ ముఖ్య లక్షణం.

4. పలకల పట్టణంలో తొలి జిల్లా బృందం

పిల్లల విషయంలో ఒక్క శాఖ చాలదని, జిల్లా స్థాయిలో పలు శాఖలు ఒకచోట కూర్చోవాలని ఈ ప్రాంతం మొదటగా నేర్చుకున్నది బడిలో జరిగే హింస వల్ల కాదు, బడి బయట జరిగిన శ్రమ వల్ల. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు పొందిన జిల్లాలో మార్కాపురం పలకల పరిశ్రమకు ప్రసిద్ధి. తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు అక్కడ తయారయ్యేవి. ఆ పలకలను కోసి, గీసి, పెట్టెలకెత్తిన చేతుల్లో బడికి వెళ్లని పిల్లల చేతులూ ఉన్నాయి.

1986 బాలకార్మిక నిషేధ, క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. 1987 జాతీయ బాలకార్మిక విధానాన్ని అనుసరించి 1988లో జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలైంది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజులు, మొరాదాబాద్ ఇత్తడి వంటి పరిశ్రమలతో పాటు మార్కాపురం పలకల పరిశ్రమ కూడా తొలి విడతలోనే ఈ ప్రాజెక్టులో చేరింది. కలెక్టరు అధ్యక్షతన జిల్లా సొసైటీ, ప్రత్యేక పాఠశాలలు, మధ్యాహ్న భోజనం, వైద్య పరీక్షలు దీని స్వరూపం. 2021లో ఈ ప్రాజెక్టు సమగ్ర శిక్షలో విలీనమయ్యేదాకా కార్మిక, విద్య, ఆరోగ్య శాఖలు ఒక పిల్లవాడి గురించి ఒకే బల్ల చుట్టూ మాట్లాడుకునే నమూనాగా ఇది నిలిచింది. నేటి బాలల సంరక్షణ యంత్రాంగానికి ఈ ప్రాంతంలో పూర్వరూపం కావాలంటే దానిని ఇక్కడ వెతకాలి.

అయితే ఈ నమూనాకు ఒక నిశ్శబ్ద భావన పునాదిగా ఉంది: పిల్లవాడికి ప్రమాదం బట్టీలోనో చేనులోనో ఉంటుంది, బడి చేరితే రక్షణ దొరుకుతుంది. బడి బయట ఉన్న ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే అన్న ఎం.వి. ఫౌండేషన్ ఉద్యమ సూత్రం రాష్ట్రమంతటా వేలమంది పిల్లలను తరగతి గదికి చేర్చింది. ఆ ఉద్యమానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు. పిల్లలు బడికి చేరిన తరువాత బడి లోపల ఏమి జరుగుతోందన్న ప్రశ్న అప్పటికి తప్పనిసరి అయింది.

5. నిషేధం నుంచి హక్కుకు

బాలల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించగా, భారతదేశం 1992 డిసెంబరులో అంగీకరించింది. అన్ని రకాల హింస నుంచి బిడ్డను కాపాడే బాధ్యతను దాని 19వ అధికరణం ప్రభుత్వాల మీద ఉంచింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరి 18న జీవో ఎంఎస్ నంబరు 16 ద్వారా 1966 విద్యా నిబంధనల్లోని 122వ నిబంధనను మార్చి, విద్యాసంస్థల్లో శారీరక దండనను నిషేధించింది. జాతీయ చట్టం రావడానికి ఏడేళ్ల ముందే రాష్ట్రం ఈ అడుగు వేయడం గుర్తించదగినది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండనతోపాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. అయితే ఈ సెక్షనును ఉల్లంఘించినవారిపై సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలన్నది. అంటే ఫిర్యాదు తిరిగి శాఖ గుమ్మంలోకే వెళ్లింది.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ప్రచురించిన బాలలపై హింస అధ్యయనం ఈ మధ్యకాలానికి ముఖ్యమైన ఆధారం. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడిన ఈ అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. బడికి వెళ్లే ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక దండనకు గురైనట్లు, 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నట్లు అది తెలిపింది. బాధితుల్లో బాలురు బాలికలకు తక్కువేమీ కాదని, వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారో వారి నమ్మకం పొందినవారో అని, ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదని కూడా నమోదు చేసింది. లైంగిక వేధింపు అధికంగా నమోదైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఫిర్యాదుల సంఖ్య తక్కువగా ఉండడం హింస తక్కువగా ఉన్నదనడానికి సాక్ష్యం కాదని ఈ అధ్యయనం తరువాత ఎవరూ కాదనలేని స్థితి ఏర్పడింది.

6. 2012: ఫిర్యాదు బడి దాటిన సంవత్సరం

2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం, అంటే పోక్సో, ఫిర్యాదు చరిత్రను రెండుగా విడగొట్టింది. దాని 19వ సెక్షను ప్రకారం నేరం జరిగిందని తెలిసినవారే కాక, జరగబోతుందని భయపడుతున్నవారు కూడా స్థానిక పోలీసులకో ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో తెలియజేయాలి. చెప్పకపోవడం 21వ సెక్షను కింద నేరం. సామాన్య వ్యక్తికి ఆరు నెలల వరకు శిక్ష పడవచ్చు. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థాధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా విధించవచ్చు. ఉపోద్ఘాతంలో ప్రస్తావించిన విరాటుడి మౌనానికి భారతీయ చట్టంలో పేరు దొరికినది ఇక్కడే. విద్యాసంస్థ యాజమాన్యం, సిబ్బంది చేసిన నేరాన్ని చట్టం తీవ్రమైన వర్గంలో చేర్చింది.

చట్టం వినే పద్ధతిని కూడా మార్చింది. వాంగ్మూలాన్ని బిడ్డ ఇంటివద్దో తనకు నచ్చినచోటో, వీలైనంతవరకు మహిళా ఎస్.ఐ. యూనిఫాం లేకుండా నమోదు చేయాలి. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక న్యాయస్థానానికి తెలపాలి. విచారణలో బిడ్డ నిందితుడికి ఎదురుపడకూడదు. పదేపదే కోర్టుకు రప్పించకూడదు. 23వ సెక్షను పేరు, చిరునామా, ఛాయాచిత్రంతో పాటు బిడ్డ చదివే బడి, నివసించే పరిసరాల వివరాలను కూడా పత్రికలు వెల్లడించరాదని చెబుతుంది. ఊరిపేరు, బడిపేరు, తరగతితో సహా అచ్చయ్యే వార్తలు చిన్న గ్రామంలో బాలిక పేరు చెప్పినట్టే అవుతాయి.

సర్వోన్నత న్యాయస్థానం 2013 ఏప్రిల్‌లో ఒక తీర్పులో పాఠశాలలు, వసతి గృహాల బాధ్యులు తమకు తెలిసిన నేరాన్ని గోప్యంగా పోలీసులకు తెలియజేయాలని ఆదేశించింది. మహారాష్ట్రలోని ఒక గిరిజన బాలికల వసతి గృహానికి సంబంధించి 2022 నవంబరులో వెలువడిన తీర్పులో, నేరాన్ని వెంటనే తెలపకపోవడమంటే నేరస్థుడిని కాపాడే ప్రయత్నమేనని భావించి, వైద్యుడిపై కేసును హైకోర్టు కొట్టివేయడాన్ని తప్పుపట్టింది. 2024 నవంబరులో రాజస్థాన్‌కు చెందిన ఒక ఉపాధ్యాయుడి కేసులో, తల్లిదండ్రులతో కుదిరిన రాజీ ఆధారంగా ఎఫ్ఐఆర్ రద్దుచేయడం చెల్లదని తేల్చింది. ఊరిపెద్దల రాజీకి చట్టం దృష్టిలో విలువ లేదని చెప్పిన ఈ తీర్పు తెలుగు పల్లెలకూ అంతే వర్తిస్తుంది.

7. జిల్లా బృందం: నాయకత్వం ఎవరిది?

2009లో మొదలైన సమీకృత బాలల సంరక్షణ పథకం జిల్లాకొక బాలల సంరక్షణ విభాగాన్ని ఏర్పరచింది. ఇదే నేటి మిషన్ వాత్సల్య. జిల్లా బాలల సంరక్షణాధికారి, సంస్థాగత, సంస్థేతర సంరక్షణాధికారులు, న్యాయ పరిశీలనాధికారి, కౌన్సెలరు, సామాజిక కార్యకర్తలు, క్షేత్ర కార్యకర్తలు అందులో ఉంటారు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులతో కూడిన బాలల సంక్షేమ కమిటీకి ప్రథమశ్రేణి మేజిస్ట్రేటు అధికారాలున్నాయి. ప్రతి పోలీసు స్టేషనులో బాలల సంక్షేమ పోలీసు అధికారి, జిల్లాలో డీఎస్పీ స్థాయి అధికారి నాయకత్వంలో ప్రత్యేక విభాగం ఉండాలి. విద్యాశాఖ వైపు జిల్లా విద్యాశాఖాధికారి, సమగ్ర శిక్షలోని బాలికాభివృద్ధి అధికారి, మండల అధికారులు ఉన్నారు. 1996లో ముంబైలో ఆరంభమైన 1098 సహాయవాణి 2023 నుంచి ప్రభుత్వ నిర్వహణలోకి మారి, 112 అత్యవసర సేవతో అనుసంధానమైంది.

ఇంతమంది ఉన్నచోట నాయకుడెవరన్న ప్రశ్న సహజం. జిల్లా విద్యాశాఖాధికారికి బడులన్నీ తెలుసు, సిబ్బంది మీద అధికారం ఉంది. కాని ఆరోపితుడికి క్రమశిక్షణాధికారి అయిన వ్యక్తే బాధితుడి తొలి శ్రోత కావడంలో ప్రయోజన వైరుధ్యం ఉంది. శాఖ ప్రతిష్ఠను కాపాడాలనే సహజమైన ఒత్తిడి ఉంది. బాలల సంరక్షణాధికారికి చట్ట పరిజ్ఞానం, బిడ్డ పక్షాన నిలిచే కర్తవ్యం ఉన్నాయి. అయితే ఆ విభాగపు పోస్టుల్లో అధికభాగం ఒప్పంద ప్రాతిపదికవి. హోదాలో తనకంటే పెద్దలైన విద్యాశాఖ, పోలీసు అధికారులకు ఆదేశమివ్వగల స్థానం వారికి లేదు. పోలీసు అధికారికి బలం ఉంది, కాని అతని దృష్టి సాక్ష్యం మీద ఉంటుంది. 2022 సెప్టెంబరు 1న అమలైన జువెనైల్ జస్టిస్ సవరణ బాలల సంరక్షణ విభాగం, సంక్షేమ కమిటీల పనితీరును సమీక్షించే బాధ్యతను జిల్లా మేజిస్ట్రేటుకు అప్పగించింది. మార్కాపురం పలకల నాటి నమూనా, అంటే కలెక్టరు బల్ల చుట్టూ పలు శాఖలు, మరో రూపంలో తిరిగి వచ్చిందని చెప్పవచ్చు.

సమీక్ష మూడు నెలలకొకసారి జరుగుతుంది. బిడ్డకు కావలసింది మొదటి 24 గంటలు. ఆ గడువులో బృంద నాయకుడు చేయగలిగిన పనులను చట్టం నుంచి ఇలా గ్రహించవచ్చు. మొదటిది, బడిలో ‘ముందు మేము విచారిస్తాం’ అనే మాటను నివారించడం. ప్రధానోపాధ్యాయుడు, పాఠశాల కమిటీ, మండలాధికారి ఒకరి తరువాత ఒకరు బిడ్డను ప్రశ్నిస్తే కథనం నలుగుతుంది, బిడ్డ నలుగుతుంది, న్యాయస్థానంలో వైరుధ్యాలుగా బయటపడేవి ఆ ప్రశ్నలే. రెండవది, సమాచారం పోలీసులకు, కమిటీకి చేరినట్లు రాతపూర్వకంగా నిర్ధారించుకోవడం. మూడవది, వైద్య పరీక్ష, మేజిస్ట్రేటు ఎదుట వాంగ్మూలం, న్యాయసేవాధికార సంస్థ సహాయం ఒకే మనిషి తోడుతో జరిగేలా సహాయక వ్యక్తిని నియమింపజేయడం. 2020 నాటి పోక్సో నిబంధనలు ఈ సహాయక వ్యక్తి పాత్రను విస్తరించాయి. సర్వోన్నత న్యాయస్థానం 2023లో ఈ నియామకాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. నాలుగవది, ఆరోపితుడిని దూరంగా ఉంచడం తప్ప ఫిర్యాదు చేసిన బిడ్డను బడి మార్పించకపోవడం. చివరిదానిలో పాత బదిలీ సంస్కృతి తలకిందులుగా పునరావృతమయ్యే ప్రమాదం ఉంది. ఉపాధ్యాయుడికి బదులు విద్యార్థినికి టీసీ ఇచ్చి పంపితే బడి ఫిర్యాదు నుంచి విముక్తమవుతుంది, బాలిక చదువు నుంచి విముక్తమవుతుంది.

ఇక్కడ రెండు అభ్యంతరాలను పరిశీలించాలి. అబద్ధపు ఫిర్యాదులతో నిర్దోషులు నలిగిపోతారన్నది ఉపాధ్యాయుల ఆందోళన. దురుద్దేశంతో చేసిన తప్పుడు ఫిర్యాదుకు 22వ సెక్షను శిక్ష నిర్దేశిస్తుంది, అయితే బిడ్డను ఆ శిక్ష నుంచి మినహాయిస్తుంది. సమాచారం చేరవేయడం తీర్పు చెప్పడం కాదు. నిష్పాక్షికమైన, త్వరితమైన దర్యాప్తు నిర్దోషి ఉపాధ్యాయుడికి కూడా రక్షణే. శాఖలోపలి గుసగుసల విచారణలో అతనికి ఆ రక్షణ దొరకదు. రెండవది, 18 ఏళ్ల లోపువారందరినీ బాలలుగా పరిగణించే చట్టంలో కౌమారుల పరస్పర స్నేహాలు కూడా తల్లిదండ్రుల ఫిర్యాదులుగా మారుతున్నాయి. కాబట్టి ఫిర్యాదు అందగానే ‘ఇది ఎవరి మాట?’ అని అడగడం బృందపు కర్తవ్యం. బిడ్డ మాట వేరు, బిడ్డ గురించి పెద్దల మాట వేరు. ఈ తేడాను గుర్తించలేని యంత్రాంగం బాలల సంరక్షణ పేరిట కులం, పరువుల కాపలాదారుగా మారే అవకాశం ఉంది.

8. పత్తి తీతలు, మిరప కోతలు: చిరునామా లేని ఫిర్యాదు

చట్టం రాష్ట్రమంతటికీ ఒకటే అయినా అది పనిచేసే నేల ఒకటి కాదు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల బడి సంవత్సరం మీద పంటల కాలం ముద్ర ఉంది. శీతాకాలమంతా పత్తి తీతలు, జనవరి నుంచి వేసవి ఆరంభం దాకా మిరప కోతలు సాగుతాయి. కర్నూలు పడమటి మండలాల నుంచి, ప్రకాశం మెట్ట ప్రాంతం నుంచి కుటుంబాలు ముఠాలుగా మేస్త్రీల వెంట గుంటూరు మిరప చేలకు తరలివస్తాయి. కళ్లాల పక్కన పట్టాల గుడిసెల్లో నెలల తరబడి ఉంటాయి. వెంట వచ్చిన పిల్లలు చేలో ఉంటారు. ఊళ్లో మిగిలిన పిల్లలు అవ్వాతాతల దగ్గరో, విద్యాశాఖ నడిపే సీజనల్ హాస్టళ్లలోనో ఉంటారు.

ఫిర్యాదు దృష్టితో చూస్తే ఈ నెలలు రెండు విధాల క్లిష్టమైనవి. పిల్లలు తమ బాధను చెప్పుకొనేది నమ్మకమున్న పెద్దలకు. తల్లి వంద మైళ్ల అవతల మిరప చేలో ఉన్నప్పుడు హాస్టల్లో ఉన్న బాలికకు ఆ పెద్ద ఎవరు? వార్డెనే వినాలి. వార్డెనో ఆ చుట్టూ ఉన్నవారో ఆరోపితులైతే వినే చెవి లేదు. రెండవది చిరునామా. బడి రిజిస్టరులో పేరు ఒక జిల్లాలో, నేరం మరో జిల్లాలో, తల్లిదండ్రుల గుడిసె మూడవచోట ఉంటుంది. పరిధితో నిమిత్తం లేకుండా ఏ స్టేషనులోనైనా ఎఫ్ఐఆర్ నమోదు చేసే వెసులుబాటు ఉంది, బిడ్డ సొంత జిల్లా కమిటీకి కేసును బదిలీచేసే 95వ సెక్షను జువెనైల్ జస్టిస్ చట్టంలో ఉంది. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చుకొనే బాధ్యతను విద్యాహక్కు చట్టం స్థానిక సంస్థల మీద ఉంచింది. ఇవి కాగితం మీది వంతెనలు. కోతలు ముగిసి ముఠా తిరుగు ప్రయాణం కట్టిన రోజున సాక్షులూ వెళ్లిపోతారు.

2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనతో ఉమ్మడి గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలకు పంపిణీ అయింది. ప్రకాశంలోని చీరాల, పర్చూరు, అద్దంకి ప్రాంతాలు బాపట్లలో, కందుకూరు నెల్లూరులో కలిశాయి. కార్యాలయం ప్రజలకు దగ్గరైంది. అదే సమయంలో ఒక మిరప ముఠా సంచరించే దారిలో జిల్లా సరిహద్దులు పెరిగాయి. ఒకే ప్రాంతంలో పనిచేసే బృందాలు తమ మధ్య సమాచార మార్పిడికి పాత ఉమ్మడి జిల్లాలనూ, వలస మొదలయ్యే కర్నూలు పడమటి భాగాన్నీ ఒకే పటంగా చూడవలసిన అవసరం ఈ విభజన తరువాత హెచ్చింది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

ఒకటి, తెలుగునేలపై విద్యార్థి ఫిర్యాదు చరిత్ర గురువు అధికారం, శాఖ క్రమశిక్షణ, చట్టబద్ధ సమాచారం అనే మూడు దశల గుండా నడిచింది. ఒక దశ వచ్చినంత మాత్రాన వెనుకటిది పోలేదు. నేటి ఒకే ఫిర్యాదులో బెత్తాన్ని సమర్థించే తండ్రి, శాఖలోనే సరిచేద్దామనే అధికారి, 24 గంటల గడువు గుర్తుచేసే చట్టం ముగ్గురూ ఎదురవుతారు.

రెండు, ఈ ప్రాంతంలో బహుళ శాఖల జిల్లా బృందానికి మూలం 1988 నాటి మార్కాపురం పలకల పరిశ్రమలో ఉంది. బాలకార్మిక నిర్మూలన అనుభవాన్ని, బడిలోపలి రక్షణను వేర్వేరు చరిత్రలుగా చదవడం సరికాదు.

మూడు, బృంద నాయకత్వం హోదా వివాదంగా మారినంతకాలం ఫిర్యాదు మధ్యలో ఆగుతుంది. విన్నవారి విచక్షణను తగ్గించి, చేరవేసే కర్తవ్యాన్ని పెంచడమే 2012 చట్టపు ఆత్మ. ఆ ఆత్మను అమలుచేసే నాయకుడు గొప్ప విచారణాధికారి కానక్కరలేదు. ఏ కాగితం ఎవరి దగ్గర ఎన్ని గంటలుగా ఉందో తెలిసినవాడైతే చాలు.

నాలుగు, పత్తి, మిరప నేలలో సంరక్షణ వ్యవస్థ పంటల క్యాలెండరును చదవడం నేర్చుకోవాలి. తల్లిదండ్రులు దూరమయ్యే జనవరి నుంచి పరీక్షలు ముగిసే దాకా వసతి గృహాల్లో బయటి శ్రోత క్రమం తప్పకుండా ఉండాలి.

కీచకుడిని భీముడు వధించాడు. విరాటుడి కొలువులో ఆ తరువాత ఫిర్యాదు వినే ఏర్పాటు ఏదీ మారినట్లు ఆ కథ చెప్పదు. శిక్షతో కథ ముగిసిందనుకొనే పత్రికా శీర్షికలకు, శిక్ష తరువాత కూడా అదే బడిలో కూర్చోవలసిన విద్యార్థికి మధ్య ఉన్న దూరం ఇదే. చాడీ, పితూరీ అనే మాటలతో పెరిగిన సమాజం బిడ్డ నోటి మాటకు ‘సమాచారం’ అనే గౌరవాన్ని చట్టంలో ఇచ్చింది. ఆ గౌరవం తరగతి గదికి, హాస్టలు వరండాకు, మిరప కళ్లానికి చేరిందా లేదా అన్నది భవిష్యత్ పరిశోధనలు జిల్లాల వారీగా పరిశీలించవలసిన విషయం.